ఆలస్యం అంతరాయం కాదట

"సర్వీసు నడుస్తూనే ఉంది మేడం." ఈ ఒక్క ముక్క వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కరీంనగర్‌లో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కింద టైర్ల షాపు, పైన మేము నలుగురం. ఆదిలాబాద్ వైపు ఒక జిన్నింగ్ మిల్లులో మద్దతు ధరకు పత్తి కొనే కేంద్రం పెట్టినప్పుడు దానికి కావలసిన ప్రోగ్రాం మేమే రాసిచ్చాం. రైతు పేరు, పత్తిలో తేమ, కాంటా మీద బరువు అన్నీ అందులోకి ఎక్కాలి. ఎక్కినవి నిలవుండేది మాత్రం మా దగ్గర కాదు, ఎక్కడో ఉన్న ఒక పెద్ద కంపెనీ కంప్యూటర్లలో. నెలనెలా అద్దె కట్టి వాడుకుంటాం. దాన్నే క్లౌడ్ డేటాబేస్ అంటారు. కంపెనీ ఒప్పందం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో హామీ ఉంది. సర్వీసు ఎప్పుడూ అందుబాటులో ఉంటుందట, నూటికి నూరు పాళ్లకు వెంట్రుకవాసి మాత్రమే తక్కువట. చదివి మురిసిపోయాం.

సీజన్ మొదలయ్యాక అసలు సంగతి తెలిసొచ్చింది. పొద్దున అడిగింది అడిగినట్టు ఇచ్చే డేటాబేస్, పత్తి బండ్లు బారులు తీరే మధ్యాహ్నానికి మొద్దునిద్ర పోయేది. ఒకే కంప్యూటర్‌ను కంపెనీ మాలాంటి వాళ్లు ఎందరికో పంచి ఇస్తుంది. కిరాయి ఇంట్లో అన్ని వాటాలకూ కలిపి ఒకటే నల్లా ఉన్నట్టు. పక్కవాళ్లు బకెట్లు పెడితే మనకు సన్నటి ధారే.

అలాంటి ఒక రోజు నేను కేంద్రంలోనే ఉన్నాను. జైనూర్ వైపు నుంచి ఒకామె అద్దె వ్యాన్‌లో పత్తి తెచ్చింది. నాకంటే చిన్నది. వరుసలో నిలబడి నిలబడి విసిగి నా పక్కన కూర్చుంది. భర్త మస్కట్‌లో ఉన్నాడట. ఆయన అటు వెళ్లినప్పటి నుంచి చేను కౌలుకు ఇచ్చేయాలని బావ పట్టు, తానే చేసుకుంటానని ఈమె పట్టు.

"గీ ఒక్క పంట సర్కారు ధరకు పోతే సాలక్క. మా బావ నోరు మూస్కుంటడు. లేకుంటె చేను నా చేతిల ఉండది," అంది.

"నీ పత్తికేమైంది చెల్లె, తెల్లగ మంచిగుంది," అన్నాను. నిజంగానే ఎక్కడా మచ్చ లేని పత్తి.

ఆమె వరుస వచ్చింది. ఆపరేటర్ తేమ మిషన్ పత్తిలో గుచ్చి, "ఏక్‌దం పొడిగుంది, ఫికర్ చెయ్యకమ్మా," అన్నాడు. హద్దుకు చాలా కిందే ఉంది. కాంటా కూడా అయ్యాక అంకెలు కొట్టి సేవ్ నొక్కాడు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

అక్కడి నిబంధన ఏమంటే, తేమా బరువూ ఒకేసారి రికార్డులోకి ఎక్కాలి. ఎక్కకముందే పేజీ మూసుకుపోతే ఆ రీడింగు చెల్లదు, మళ్లీ కొలవాలి. ఎండిన పత్తి చూపించి తడి పత్తి కాంటా ఎక్కించకుండా పెట్టిన షరతు. మంచి షరతే. డేటాబేస్ పలక్కపోతే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయలేదు.

పేజీ మూసుకుపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ మూసుకుపోయింది.

"ఆపా, గిది పొద్దు గూకెదాంక గిట్లనే పరేషాన్ జేస్తది," అన్నాడు, నన్ను ఎప్పుడూ ఆపా, అంటే అక్క, అని పిలిచే ఆపరేటర్.

కంపెనీకి ఫోన్ చేశాను. అవతల తీయటి గొంతు.

"మా వైపు సర్వీసు నడుస్తూనే ఉంది మేడం. అంతా పచ్చగానే చూపిస్తోంది."

"జవాబే రావట్లేదండీ, ఇంకేం నడవడం?"

"వస్తుంది మేడం, ఆలస్యంగా వస్తుంది. ఆలస్యం అంతరాయం కిందికి రాదు."

"ఎంత ఆలస్యం దాకా రాదు?"

"ఒప్పందంలో అలాంటి హద్దేమీ లేదు మేడం."

పత్తి తేమకు హద్దుంది, తూకానికి హద్దుంది, రైతు ఓపికకూ హద్దుంది. అద్దె తీసుకునే వాళ్ల జవాబుకే హద్దు లేదు! హోటలు తలుపు తీసే ఉంచుతాం కానీ అన్నం ఎప్పుడు పెడతామో చెప్పం అన్నట్టుంది. అది హామీయా, వెక్కిరింతా?

డేటాబేస్ కదిలేసరికి పొద్దు గూకింది. చలికాలం మావైపు పొద్దు వాలితే గాలిలో చెమ్మ దిగుతుంది, పత్తి దాన్ని పీల్చుకుంటుంది. ఆపరేటర్ మళ్లీ మిషన్ గుచ్చి, అంకె చూసి, ఆమె వైపు చూడలేక తల తిప్పుకున్నాడు. హద్దు దాటింది.

కొనుగోలు అధికారి దగ్గరికి ఉరికాను.

"పగటి రీడింగు నేను, ఆపరేటర్ ఇద్దరం సూసినం సార్. హద్దుల్నే ఉండె."

"సిస్టంల ఉన్నదా?"

"ఎక్కలే. సిస్టమే ఆగింది."

"ఎక్కనిది నేనెట్ల కొంట మేడం? రేపు పైనోళ్లు నన్నడుగుతరు."

ఆయన మీద అరిచాను. ఆయన చేతిలో ఏమీ లేదని తెలిసే అరిచాను. ఎవరి మీద అరవాలో వాళ్లు నా కంటికి కనపడని చోట ఉన్నారు మరి.

వ్యాన్ డ్రైవర్ తెల్లారేదాకా ఆగనన్నాడు. గేటు బయట దళారులు ఇలాంటి బండ్ల కోసమే కాచుకుని ఉంటారు. వాళ్లలో ఒకడు ఎంతంటే అంతకే ఆమె పత్తి ఇచ్చేసింది.

"పగలు ఎండిన పత్తే గదక్క. నేనేం నీళ్లు సల్లలే గదా," అని మాత్రం అంది.

ఆ నెల కంపెనీ పంపిన రిపోర్టులో ఆ రోజు ఎదురుగా కూడా పచ్చ గుర్తే ఉంది. అంతరాయం లేదు, కాబట్టి పరిహారం లేదు. ఉన్నా అది మా అద్దెలో తగ్గింపే. ఆమెలాంటి మనిషికి ఆ ఒప్పందంలో ఎక్కడా చోటు లేదు.

గడువు తీరాక ఒప్పందం మళ్లీ రాయించుకోవడానికి కంపెనీ మనిషి మిఠాయి డబ్బాతో వచ్చాడు. సీజన్ మధ్యాహ్నాల్లో ఇంతలోపు జవాబిస్తామని ఒక్క వాక్యం రాయమన్నాను. నవ్వాడు.

"అలా మేం ఎవ్వరికీ రాసివ్వం మేడం."

"రాసివ్వలేని వాళ్లు హామీ అనే మాట ఎందుకు వాడాలండీ?"

అతను టీ తాగడంలో మునిగిపోయాడు. మిఠాయి డబ్బా తిప్పి పంపాను.

చివరికి ప్రోగ్రామే మార్చాం. ఇప్పుడు తేమ రీడింగు కొలిచిన క్షణమే కేంద్రంలోని కంప్యూటర్లో సమయంతో సహా నిలిచిపోతుంది. క్లౌడ్‌లోకి ఎప్పుడు ఎక్కినా అదే చెల్లుతుంది. ఈ మార్పుకు అధికారులను ఒప్పించడానికి కాళ్లరిగేలా తిరిగాను. వాళ్లు ఒప్పుకునేసరికి మళ్లీ పత్తి సీజన్ వచ్చింది, మొదట ఆమెకే ఫోన్ చేశాను.

"ఇగ ఫికర్ లేదు చెల్లె. పగటి రీడింగే లెక్క. ఈయేడు ధైర్యంగ తే."



"మంచిగ జేసినవక్క," అంది. "మా బావ చేను కౌలుకిచ్చిండు. నేను గా చేన్లనే పత్తి ఏర కూలికి పోతున్న."