ఏసీ బాగుచేయడానికి వచ్చిన పేషెంట్

కెనడాలోని మా బర్నబీలో ఈ ఎండలకు, ఒంటరిగా ఉండే మా పక్కింటి సుభద్ర ఆంటీ ఇంట్లో ఈ రోజు ఏసీ ఆగిపోయింది. ఎమర్జెన్సీ రిపేరుకు నేనే మెకానిక్‌ని పిలిపించాను. పొద్దుటి నుంచి ఇళ్లవెంట తిరుగుతున్నాడేమో, అతను బ్యాగు దించుతూనే తూలి గోడ పట్టుకున్నాడు.

ఆంటీ రిటైర్డ్ డాక్టర్. అతన్ని సోఫాలో పడుకోబెట్టి బీపీ చూశారు. కాస్త తేరుకున్నాక ఉప్పేసిన మజ్జిగ తాగించారు. లేవబోతే లేవనివ్వలేదు.

"ఆంటీ, మీకే చెమటలు కారిపోతున్నాయి. ఏసీ సంగతి చూడనివ్వండి" అన్నాను.

"ఏసీకి ప్రాణం లేదమ్మా. అది ఆగుతుంది."

గంట తర్వాత లేచి బాగుచేశాడు. వెళ్తుంటే ఆంటీ, "రేపు ఫోన్ చేస్తాను, ఎలా ఉందో చెప్పు" అన్నారు ఇంగ్లీషులో.

"ఏసీకి ఇక ఢోకా లేదండీ."

"నేనడిగేది నీ ఒంటి గురించి!"

రిపేరుకు వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లిచ్చే అలవాటు మీలో ఎంతమందికి ఉంది?