నా చేత్తో రాసిన కార్డులు

నా చేతిరాత బాగుంటుందని మా కాలేజీలో ఎవరిని అడిగినా చెప్పేవారు. నోటీసు బోర్డు మీద ఏది రాయాలన్నా, రిటైరయ్యేవారికి సన్మానపత్రం రాయాలన్నా నన్నే పిలిచేవారు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోలోపల పొంగిపోయేదాన్ని. ఆ రాత ఒక ఆడపిల్లను ఎక్కడిదాకా నెట్టిందో తెలిశాక గానీ ఆ పొంగు చల్లారలేదు.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. ఇంకా అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు రాని రోజులు. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని పేపర్లలో తరచూ వస్తూండడంతో, కాలేజీకొక కౌన్సెలింగ్ గది పెట్టమని యూనివర్సిటీ నుంచి ఉత్తర్వు వచ్చింది. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్‌గారు అందరి మొహాలూ ఒకసారి చూసి, "మేడంగారూ, మీకు ఓపిక ఎక్కువ కదండీ" అన్నారు. నాకున్నది ఓపిక కాదు, ముక్కుమీద కోపం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. మిగతావాళ్లంతా అప్పటికే తలలు దించేసుకున్నారు, అంతే.

మూడు రోజులు శిక్షణ ఇచ్చి పంపారు. ఆటల సామాను పెట్టుకునే గది ఖాళీ చేయించి, రెండు కుర్చీలూ ఒక బల్లా వేసి, గుమ్మానికి మా ఇంట్లోంచి తెచ్చిన కర్టెన్ కట్టాను. ఒక రిజిస్టరు పెట్టాను. ఇక్కడిదాకా బాగానే ఉంది.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. హాజరు తగ్గినా, మార్కులు తగ్గినా పిల్లల ఇంటికి కార్డుముక్క వెళ్లేది. కన్నవాళ్ల దగ్గర పిల్లల సంగతి ఏదీ దాచకూడదని మా అందరి నమ్మకం. ఆ అలవాటునే నేను ఈ గదికీ పట్టుకొచ్చాను. ఎవరూ చెప్పలేదు, నా బుర్రలోనే పుట్టింది. టౌనులో పిల్లల ఇళ్లల్లో ఫోన్లుండేవి కాబట్టి సాయంత్రం ఫోన్ చేసి, తల్లినో తండ్రినో పిలిచి, మెల్లగా చెప్పేదాన్ని. ఫోన్ లేని ఊళ్లవాళ్లకి పోస్టుకార్డు. "మీ కుమార్తె మానసిక ఇబ్బందుల నిమిత్తం మా కౌన్సెలింగ్ గదికి హాజరగుచున్నది. ఈ విషయం తమ దృష్టికి తెచ్చుచున్నాము." ముత్యాల్లాంటి అక్షరాలు. రాసి, ఒకసారి దూరంగా పెట్టి చూసుకుని మరీ డబ్బాలో వేయించేదాన్ని.

ఏడాది గడిచాక, ఆ గదులు ఎలా పనిచేస్తున్నాయో చూడడానికి యూనివర్సిటీ నుంచి ఇద్దరు వస్తున్నారనీ, ముందుగా ఒక ఫారం నింపి ఉంచమనీ కబురొచ్చింది. "అన్ని వర్గాల విద్యార్థులకు సేవలు సమానముగా అందుచున్నవా?" అని ఒక ప్రశ్న. ఏమాత్రం తడుముకోకుండా "అందుచున్నవి" అని రాశాను. ఎవరు ఎన్నిసార్లు వచ్చారన్నది ఆ తరవాతి ప్రశ్న. దానికోసం రిజిస్టరు తెరిచాను.

టౌను పిల్లలు నాలుగేసి సార్లు, ఐదేసి సార్లు వచ్చారు. ఊళ్లనుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు ఒక్కొక్కసారే వచ్చారు. ఒక్కరంటే ఒక్కరు కూడా రెండోసారి రాలేదు. పల్లెటూరి పిల్లలు, సిగ్గు ఎక్కువ అనుకున్నాను మొదట. అనుకుంటూనే పేజీ తిప్పితే ఒక పేరు దగ్గర వేలు ఆగిపోయింది. నరసాపురం దగ్గర ఊరినుంచి వచ్చిన పిల్ల. పదో తరగతిలోనూ ఇంటర్లోనూ వాళ్ల స్కూలు ఫస్టు. ఇక్కడ ఇంగ్లీషు మీడియంలో ఒక్క పాఠం కూడా తలకెక్కడం లేదని నా ముందు కూర్చుని గంటసేపు ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ, "సోమవారం మళ్లీ వస్తానండి" అంది. అది ఆగస్టు నెల. ఇప్పుడు డిసెంబరు. ఆ సోమవారం రాలేదేమని నేను ఒక్కసారైనా అనుకోలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. క్లాసుకి వెళ్తే లేదు. హాస్టల్లో లేదు. చివరికి కెమిస్ట్రీ ల్యాబు వెనక మెట్ల మీద కనిపించింది. మధ్యాహ్నం భోజనాల వేళ. ఒళ్లో క్యారేజీ ఉంది గానీ మూత తియ్యలేదు. మనిషి సగమైపోయింది. నేను చీర సర్దుకుని ఆ మెట్టు మీదే పక్కన కూలబడ్డాను.

"మళ్లీ రాలేదేమ్మా?"

"మీ కార్డొచ్చిందండి."

"వస్తే?"

వాళ్లమ్మకి చదువు రాదు. తండ్రి లేడు. వాళ్ల వీధిలో ఆడవాళ్లంతా మధ్యాహ్నాలు ఒకే అరుగు మీద కూర్చుని లేసు అల్లుతారు. ఉత్తరం ఎవరికొచ్చినా పోస్ట్‌మాన్ అక్కడే నిలబడి చదివి వినిపిస్తాడు. పాపం, అది అతను చేసే ఉపకారం. నా కార్డూ అలాగే చదివాడు. చుట్టూ ఎనిమిది మంది విన్నారు. చదువు ఎక్కువై పిల్లకి మతి చెడిందని సాయంత్రానికి వీధంతా తెలిసింది.

"మా అమ్మ ఎస్టీడీ బూత్ నుంచి హాస్టల్‌కి ఫోన్ చేసిందండి. ఆ గదికి ఇంకెప్పుడూ వెళ్లొద్దని ఒకటే ఏడుపండి. మా అమ్మ అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదండి. అందుకే రాలేదండి."

నాకు ముందు ఆ పోస్ట్‌మాన్ మీద కోపం వచ్చింది. తరవాత ఆ అరుగు మీద వాళ్ల మీద వచ్చింది. ఎవరిమీదా ఎంతోసేపు నిలవలేదు. ఫోనున్న ఇంటికి గుట్టుగా చెప్పి, లేని ఇంటికి నలుగురి ముందూ చాటింపు వేయించింది నేను. సమానంగా అందుచున్నవట! సిగ్గుతో చచ్చిపోయాను.

శిక్షణలో ఒక మాట పదేపదే చెప్పారు. అనుమానం వస్తే సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు అని. ఏడాది మొత్తం మీద నేను ఒక్కరినీ అలా అడగలేదు. ఆ మాట నోటితో అనడమే అపశకునమని నా భయం. ఆ రోజు మాత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అడిగేశాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

తలెత్తి నన్ను చూసింది. "అవునండి. రోజూ అనిపిస్తోందండి" అంది. క్యారేజీ పక్కన పెట్టి, "ఎవరైనా అడిగితే బాగుణ్ణని చూస్తున్నానండి" అంది.

నాకు ఏడుపాగలేదు. కౌన్సెలరు ఏడవకూడదని కూడా శిక్షణలో చెప్పారు. ఏం చెయ్యను, ఏడ్చాను. ఆ తరవాత ఇద్దరం ఆ క్యారేజీలో అన్నమే చెరి సగం తిన్నాం. సాయంత్రం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. హాస్టల్లో ఒంటరిగా ఉండనివ్వకుండా, ఆ పిల్లే కోరుకున్న ఇద్దరు స్నేహితురాళ్ల గదిలోకి వార్డెన్‌గారు మార్చారు. వాళ్లమ్మకి చెప్పమంటావా అని అడిగితే రెండు రోజులు ఆలోచించుకుంది. "చెప్పండి. కానీ కార్డు రాయకండి, మీరే వచ్చి చెప్పండి" అంది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం పాసింజరు బండెక్కి నరసాపురంలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాం. దారిపొడుగునా ఏం మాట్లాడాలో పాఠంలా వల్లె వేసుకున్నాను. వాళ్లమ్మ అరుగు మీద లేసు అల్లుతోంది. నన్ను చూసి లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "మా పిల్లకి పిచ్చని రాసింది మీరేనాండీ?" అని అడిగింది. వల్లె వేసుకున్నదంతా మర్చిపోయాను.

"నేనేనమ్మా. అలా రాయలేదు గానీ, రాయడమే తప్పు. నన్ను క్షమించండి" అన్నాను.

ఆవిడ మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు వేసింది. అప్పుడు చెప్పాను. పిచ్చి కాదు, పిల్ల మనసు బాగా అలిసిపోయింది, బతకాలని లేదంటోంది, మందూ మాటా రెండూ కావాలి, ముఖ్యంగా మీరు కావాలి అని. ఆవిడ చేతిలో సూది అలాగే ఉండిపోయింది. కూతురి వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వేడుస్తావని."

"ఏడిస్తే ఏడుస్తానే! నాకు ఏడవడం కొత్తా? నువ్వు లేకపోతే నేనెవర్ని చూసుకుని ఏడవనే?"

అంటూనే పిల్లను ఒళ్లోకి లాక్కుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల, ఆ ఒళ్లో పట్టలేదు. అయినా సర్దుకుని పడుకుంది. నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను.

మర్నాడు పాత ఫారం చింపేసి కొత్తది నింపాను. సమానంగా అందుచున్నవా అన్నచోట "అందుట లేదు" అని రాసి, కార్డుల సంగతంతా కింద వివరంగా రాశాను. ప్రిన్సిపాల్‌గారు చదివి కళ్లజోడు తీసేశారు. "మన పరువు మనమే తీసుకోవాలాండీ?" అన్నారు. "పరువు కాలేజీది కాదండి, నాది. తియ్యనివ్వండి" అన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని సంతకం పెట్టేశారు. ఆయన్ని అంత దగ్గరివాడిగా నేను ఎప్పుడూ అనుకోలేదు.

వచ్చిన ఇద్దరిలో ఒక పెద్దావిడ ఆ కాగితం రెండుసార్లు చదివారు. చీవాట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ ఫైలు పక్కకి జరిపి, "ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగారు. ఫారంలో ఎక్కడా లేని ప్రశ్న అది. "నిన్న మధ్యాహ్నం అన్నం మొత్తం తిందండి" అని చెప్పాను.

జనవరిలో కాలేజీ అడ్రసుకి నా పేరున ఒక పోస్టుకార్డు వచ్చింది. కోడి గీకినట్టున్న రాత. కింద "అమ్మాయి తల్లిగారు చెప్పగా పోస్ట్‌మాన్ రాసినది" అని ఉంది. ఆ అరుగు మీదే, ఆ ఎనిమిది మంది ముందే చెప్పి రాయించి ఉంటుంది. కార్డు అందిన వేళకి ఆ పిల్ల నా గదిలోనే, నా ఎదురు కుర్చీలోనే ఉంది. అప్పటికి ఎన్నోసారి వచ్చిందో నేను లెక్క పెట్టడం మానేశాను. తనకే ఇచ్చి పైకి చదవమన్నాను.

"మేడంగారికి నమస్కారములు. మా అమ్మాయిని మీ గదికి ప్రతి సోమవారం రమ్మని నేను చెప్పినానని చెప్పండి. ఎవరు ఏమనుకున్నా నాకు లెక్క లేదు. నా పిల్ల నాకు ఉండాలి."