గ్లాసు ఖాళీ అయిన సమయం

నిమ్మకాయ కోసిన వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం కడుపులో మంట మొదలవుతుంది. శామీర్‌పేటలో నేను పనిచేసే ల్యాబుకు ఈ ఉదయం ఒక గర్భిణి షుగరు పరీక్షకు వచ్చింది. గ్లూకోజు నీళ్లలో పిండుకోవడానికి ఇంటి నుంచే నిమ్మచెక్క తెచ్చుకుంది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించి, "మేడం, కడుపుల తిప్పుతాంది. మెల్లగ తాగుత, ఏమన్న అయితదా?" అని అడిగింది. పదేళ్ల కిందట మేడ్చల్‌లో ఇదే ప్రశ్నకు నేనిచ్చిన జవాబు గుర్తొచ్చింది. దాని వెనకే రజియా ఆపా గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే గౌరవం కలగాలి. కలుగుతుంది కూడా. కానీ ముందు కలిగేది ఈర్ష్యే, దాచడం దేనికి?

అప్పట్లో నేను సూరారం నుంచి రెండు బస్సులు మారి మేడ్చల్ డిపో వెనకున్న చిన్న ల్యాబుకు వెళ్లేదాన్ని. రజియా అక్కడ పెద్ద టెక్నీషియన్, అందరికీ ఆపా, అంటే అక్క. అత్వెల్లి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. ఎంత సన్నటి నరమైనా ఆమెకు ఒక్క పోటుకే దొరికేది. డిప్లొమా ఉన్నది నాకు, ఆమె చూసి నేర్చుకున్న మనిషి. అయినా వచ్చిన ప్రతివాళ్లూ గడపలో నిలబడి "ఆపా ఉన్నదా?" అనేవాళ్లు. ఒక ముసలాయన నన్ను చూడగానే పైకి మడిచిన చొక్కా చేతిని మళ్లీ కిందికి దించి, ఆపా వచ్చాకే వస్తానని లేచిపోయాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నేనేం పాపం చేశాను? నా సూది కూడా అదే పెట్టెలోది కదా!

సుజాత షుగరు పరీక్షకు వచ్చిన రోజు ఆపా సెలవులో ఉంది. సుజాతది శామీర్‌పేట దగ్గర పల్లె. ఐదో నెల. మొదటిసారి కడుపు నిలవలేదు, అందుకే ప్రతి పరీక్షకూ బిక్కుబిక్కుమంటూ వచ్చేది. గ్లూకోజు నీళ్లు అయిదు నిమిషాల్లో తాగేయాలని ఆపా అంతకు ముందే చెప్పి పంపిందట. సగం గ్లాసు కూడా కాకముందే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి వేసిన మాట నిజం. ఆపా కంటే నేనే మంచిదాన్నని అనిపించుకోవాలన్న ఆశ అంతకంటే నిజం.

"అంత జల్దీ ఏం లేదు. మెల్లగ తాగు, నేనున్న గద," అన్నాను.

రెండు గంటల పొడుగునా ఆమె కబుర్లు చెబుతూ చప్పరిస్తూ తాగింది. రక్తం తీస్తే షుగరు మామూలుగానే ఉంది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, ఇకనుంచి నువ్వున్న రోజే వస్తానక్కా అంది. సూరారం చేరేదాకా ఆ మాటే నెమరు వేసుకున్నాను.

అంతటితో ఊరుకున్నా పోయేది. మర్నాడు ఆపా దగ్గర గొప్ప చెప్పుకున్నాను. ఆమె చేతిలో పని ఆపి, ఎంతసేపట్లో తాగిందని అడిగింది. చెప్పాను. రిజిస్టరులో సుజాత పేరు దగ్గర వేలు ఆనించింది. నాకు ఒళ్లు మండింది. అదే గ్లాసు, అదే గ్లూకోజు, గటగటా తాగినా గుక్కగుక్క తాగినా లోపలికి పోయేది అంతే కదా అని వాదించాను. నా డిప్లొమా సంగతి కూడా ఎత్తానని గుర్తు. ఆపా వాదించలేదు. మరుసటి ఉదయం పరగడుపున తనే ఒక గ్లాసు గ్లూకోజు అయిదు నిమిషాల్లో తాగింది. అరగంటకోసారి వేలు చాపి నన్నే గుచ్చమంది. షుగరు గబగబా ఎక్కింది, తర్వాత అంత గబగబా దిగింది. దిగేవేళకు ఆమెకు ఆకలి, కాస్త వణుకు. ఆ తర్వాతి ఉదయం అదే కొలతను బల్ల మీద పెట్టుకుని, పని చేసుకుంటూ మధ్యాహ్నం దాకా చప్పరించింది. మళ్లీ గుచ్చాను. అంకెలు పెద్దగా కదలలేదు. ఒంటికి తొందర పడాల్సిన అవసరమే రాలేదు. వచ్చిన కొంచెం చక్కెరను వచ్చినట్టే సర్దుకుంది.

"బియ్యం బస్తా ఒక్కపారే భుజం మీదేస్తెనే మనిషి బలమెంతనో తెలుస్తది," అంది ఆపా, వేలికి దూది అదుముకుంటూ. "దోసెడు దోసెడు ఇచ్చుకుంట పోతే ఎవరన్న మోస్తరు. నువ్వు ఆ పిల్లకు బస్తా ఎయ్యనేలేదు బేటా. మరి మోసిందని ఎట్ల రాసినవ్?"

ఆపా నా ముందే సుజాతకు ఫోన్ చేసింది. పరీక్ష సరిగ్గా జరగలేదని, తప్పు తనదేనని, నీళ్లు తాగించే పద్ధతి స్వరూపకు, అంటే నాకు, తను సరిగా చెప్పలేదని అంది. అబద్ధం. నేను చేరిన మొదటి వారంలోనే చెప్పింది, రెండుసార్లు.

సుజాత మళ్లీ వచ్చి, ఈసారి ఆపా ఎదుట ముక్కు మూసుకుని అయిదు నిమిషాల్లో తాగింది. షుగరు బాగా ఎక్కువగా వచ్చింది. కడుపులో బిడ్డ ఉండగా అది తెలియకుండా పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి నాకిప్పటికీ భయమే. డాక్టరు తిండి మార్చి మందు మొదలుపెట్టాడు. సుజాత భయమంతా కోపమై ఆపా మీద పడింది. నీ నిర్లక్ష్యంతో నా బిడ్డ పోతుండే అని అందరి ముందూ అంది. స్వరూపక్క పాపం మంచిగ చూసుకున్నదని నన్ను వెనకేసుకొచ్చింది. నేను నోరు విప్పలేదు. విప్పకపోగా లోపలెక్కడో సంతోషపడ్డాను. ఆ నాలుగు నెలలూ సుజాత వచ్చినప్పుడల్లా గడపలో వినిపించింది నా పేరే.

కాన్పయిన రెండు నెలలకు సుజాత ఆడపిల్లను ఎత్తుకుని మళ్లీ అదే పరీక్షకు వచ్చింది. షుగరు పూర్తిగా తగ్గిందో లేదో చూడాలి. నాకు మిఠాయి డబ్బా తెచ్చింది. ఆపా ఎదురొచ్చి, బిడ్డ కోసం రెండు చేతులూ చాపింది. సుజాత బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని పక్కనుంచి వచ్చేసింది. ఎప్పుడూ పనిలో ఉండే ఆ చేతులు అలా ఖాళీగా గాలిలో ఉండిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ దినం నేను తెలిసి కూడ మెల్లగ తాగమన్న, సుజాతా," అన్నాను. "ఆపా నాకు ముందే చెప్పింది. ఆమె తప్పేం లేదు."

సుజాత నాకివ్వబోయిన మిఠాయి డబ్బాను బల్ల మీద పెట్టేసింది. తర్వాత వెళ్లి బిడ్డను ఆపా ఒడిలో పెట్టింది. నీళ్లు ఆపా దగ్గరే కూర్చుని తాగింది, రెండు గంటలూ అక్కడే కూర్చుంది. రక్తం తీసే వేళకు చెయ్యి కూడా ఆపా వైపే చాపింది. ఆపా ఒడిలోని బిడ్డను చూపించి, నా చేతులు ఖాళీ లేవు, స్వరూపే తీస్తుంది అంది. ఒక్క పోటుకే నరం దొరికింది. సుజాత నా ముఖం చూడలేదు. ఆ రోజు తర్వాత మళ్లీ నా పేరు అడగలేదు. మిఠాయి డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

సాయంత్రం ఆపా నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే మనసు తేలికపడేది. ఆమె రిజిస్టరు తీసి, తాగడం మొదలుపెట్టిన సమయం రాసే గడి పక్కన స్కేలుతో ఇంకో గీత గీసింది.

"ఇప్పటి సంది రెండు టైంలు రాద్దాం. గ్లాసు ఖాళీ అయినప్పుడు గూడ," అంది.

మోకాళ్ల నొప్పులతో ఆపా ఇప్పుడు అత్వెల్లిలో ఇంటిపట్టునే ఉంటోంది. ఆమెలా నరం పట్టుకోవడం నాకూ వచ్చింది. నన్ను పేరుపెట్టి అడిగేవాళ్లూ ఉన్నారు. అయినా ఈర్ష్య చావలేదు. నలుగురి నోట మంచి అనిపించుకోవాలని నేను తహతహలాడితే, ఆమె ఆ మంచి పేరును ఒక్క ఫోన్ కాల్‌లో నాకిచ్చేసి మళ్లీ పనిలో పడింది. అది నాకు చేతకాదు. చేతనయినవాళ్లను చూస్తే ఓర్వలేను.

ఈ ఉదయం ఆ గర్భిణికి మెల్లగా తాగితే పరీక్ష చెల్లదని చెప్పాను. అలిగింది. పక్కనే నిలబడి అయిదు నిమిషాల్లో తాగించాను. రక్తం ఇచ్చి వెళ్తూ, వచ్చేసారి వేరే మేడం ఉండే రోజు చెప్పమని కౌంటర్లో అడుగుతుంటే వినబడింది. మంట పుట్టింది. కొత్త రిజిస్టరులో నేనే గీసుకున్న రెండో గడిలో, గ్లాసు ఖాళీ అయిన సమయం పక్కన, తాగించింది నేనేనని నా పేరు రాశాను.