పడుగుల జాగ

కాశిబుగ్గలో చిలుకమ్మ నోటికి జంకని మనిషి లేడు. అట్లాగని ఆమె ఎవరినీ ఊరికే తిట్టేది కాదు. గుమ్మం ముందు చెత్త పోస్తే తిట్టేది, నూలును కాలితో తొక్కితే తిట్టేది, పనివేళ ముచ్చట్లు పెడితే తిట్టేది. ఈ మూడూ చేయని మనిషి వాడకట్టులో లేడు కాబట్టి తిట్లు అందరికీ సమానంగా అందేవి.

పదమూడేళ్ల వయసులో స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కోడలిగా వచ్చింది. ముప్పై నిండకముందే మగడు పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు తీసుకుపోతామని వస్తే, 'మగ్గాన్ని ఎవలు జూస్తరు' అని వాళ్లనే బస్సెక్కించింది. ఆ ఇంట్లో అప్పటిదాకా నూలును కండెలకు చుట్టడం ఆడవాళ్ల పని, నేయడం మగవాళ్ల పని. దినాలు అయిన మర్నాడే ఆమె మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేతకు కూర్చుంది. ఆడది నేస్తే బట్ట నిలుస్తుందా అని నవ్వినవాళ్లే ఆ తర్వాత ఆమె నేసిన దుప్పట్లు కప్పుకుని నిద్రపోయారు.

వాడకట్టు వెనుక ఎకరం పైచిలుకు ఖాళీ జాగ ఉండేది. తెల్లారితే అక్కడ పడుగులు పరిచేవాళ్లు. మగ్గానికి నిలువునా ఎక్కే దారాలే పడుగు. దాన్ని ముప్పై గజాల పొడవునా రెండు గుంజల మధ్య బిగించి, గంజి పట్టించి, అటిద్దరు ఇటిద్దరు కుంచెలతో దువ్వుతూ ఆరేదాకా నడవాలి. ఆ నడక ఇంట్లో కుదరదు, గల్లీలో కుదరదు. జాగ ఉంటేనే పడుగు, పడుగు ఉంటేనే మగ్గం. పొద్దెక్కి పడుగులు ఎత్తేశాక అదే జాగ పిల్లల కబడ్డీకి, ముసలివాళ్ల పంచాయితీలకు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానలు మొదలయ్యే రోజుల్లో ఆ జాగకు గండం వచ్చింది. పార్కులకు, ఆటస్థలాలకు అని మున్సిపాలిటీ బాండ్ల మీద డబ్బు తెచ్చింది. పట్నంలో అడిగిన జాగలు పదకొండు, డబ్బు సరిపోయేది మూడింటికే. అందుకని ఏది ముందు, ఏది వెనుక అని మార్కులు వేసి వరుస కడతారట. మొదటి మూడింటికి పార్కు వస్తుంది, మిగిలినవి వేలానికి పోతాయి. బియ్యం మిల్లు షావుకారి ఒకడు అప్పటికే రెండుసార్లు వచ్చి జాగను అడుగులతో కొలుచుకుని పోయాడు. గోదాం కడతాడట. పార్కు వస్తే పొద్దున పూట పడుగులు వేసుకోవచ్చని మున్సిపాలిటీ ఇంజనీరు రాజేశ్వర్ రావు ముందే మాట ఇచ్చాడు. అందుకే వాడకట్టంతా పార్కు రావాలని దేవుళ్లకు మొక్కింది.

ఇంజనీరు జాగ చూడటానికి వస్తాడని కబురు అందిన రోజు చిలుకమ్మ నడుం బిగించింది. పెద్దమనిషి ఇంటికొస్తే వాకిలి ఊడ్చి, పనిముట్లు మూలన పెట్టి, పిల్లల్ని అవతలికి పంపడం ఆ వాడకట్టు మర్యాద. ఆమె ఆ మర్యాదను ఎకరం జాగకు చేయించింది. పడుగులు ఎత్తించింది, గుంజలు పీకించింది, మేకల్ని కట్టేయించింది, కబడ్డీ ఆడే పోరగాళ్లను తరిమింది. ఆడవాళ్లందరితో ఊడిపించి, పేడనీళ్ల సానుపు చల్లించి, నడుమ బండి చక్రమంత ముగ్గు వేయించింది. ఇంజనీరు వచ్చాడు, చూశాడు, ఏదో రాసుకున్నాడు, మంచినీళ్లు తాగి పోయాడు. చిలుకమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

వారం తర్వాత ఆమె మరిది వెంకట్రాజం బిడ్డ కమల కాలేజీ నుంచి వస్తూ మున్సిపాలిటీ గోడ మీద అంటించిన కాగితం చదివింది. పుస్తకాలు కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా చిలుకమ్మ దగ్గరికే ఉరికొచ్చింది.

"పెద్దమ్మా, మనది తొమ్మిదో నంబర్ల ఉన్నది. వాడుకునేటోళ్లు ఎందరు అన్నకాడ ఎవ్వరూ లేరని రాసిండ్రు."

"ఎవ్వరూ లేరా? మనమంతా సచ్చినమా?"

"నువ్వే గద పెద్దమ్మా అందరిని ఎల్లగొట్టినవ్."

చిలుకమ్మ కండె పక్కన పెట్టి, కాగితంలో ఇంకేం రాశారో అడిగింది. ఏదైనా చెప్పుకోవాలంటే వరుస ఖాయం చేసే మర్నాటి పదకొండు గంటల మీటింగు లోపలే చెప్పుకోవాలని కూడా ఆ కాగితంలోనే ఉంది.

ఆ సాయంత్రమే వెంకట్రాజాన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది. రాజేశ్వర్ రావు చెడ్డవాడు కాడు, కానీ కాగితానికి కట్టుబడిన మనిషి.

"నేను వచ్చిన రోజు అక్కడ పిట్ట కూడా లేదమ్మా. చూసిందే రాశాను. వాడుకునేవాళ్లకు నలభై మార్కులు, మీకు ఒక్కటీ పడలేదు."

"మీరొస్తాండ్రనే గద సారూ అంతా తీసేసింది! తప్పు నాది. నన్ను తిట్టుండ్రి, జాగను ఇడువకుండ్రి. రేపు పొద్దుగాల ఒక్కపారి రాండ్రి."

ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు. "ఏడు గంటలకు వస్తాను. కానీ మనుషుల్ని పోగేసి వరుసగా నిలబెడితే లెక్కపెట్టను. నిజంగా పని జరుగుతుండాలి."

మర్నాడు తెల్లారేసరికి ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. నేత తెలిసిన ఏ మనిషీ అట్లాంటి పొద్దున పడుగు వేయడు. గంజి ఆరకముందే వాన పడితే పోగుకు పోగు అతుక్కుపోతుంది, నెలల కష్టం మట్టిలో కలుస్తుంది. జాగ దగ్గరికి అందరూ వచ్చారు, పడుగు మాత్రం ఎవరి భుజం మీదా లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఎవరినని ఏం లాభం, అందరివీ ఒంటి మగ్గం బతుకులే.

"వదినె, మొగులు జూడు. ఇయ్యాల ఎవడన్న గంజి పెడతడా?" అన్నాడు వెంకట్రాజం.

"పిలిచింది నేను. నా పడుగే ఏస్త."

అది ఆమెకున్న ఒక్కటే పడుగు, తెల్లగా మల్లెపూవులా ఉంది. దసరా దాకా ఆమె తినే తిండి ఆ దారాల్లోనే ఉంది. గుంజలు నాటి బిగించారు. చిలుకమ్మ ఆకాశం వైపు చూడకుండా గంజి పట్టించింది. అది చూసి వెంకట్రాజం కుంచె అందుకున్నాడు. ఇంకో ఇద్దరు వచ్చి అవతలి పక్క నిలబడ్డారు.

ఏడయింది. జీపు రాలేదు. ఏడున్నర అయింది. రోడ్డు మొదట్లో నిలబడ్డ కమల ఇటు తిరిగి చేయి అడ్డంగా ఊపింది. అప్పుడే మొదటి చినుకు చిలుకమ్మ ముంజేతి మీద పడింది.

"ఎత్తుదాం వదినె! ఇప్పుడన్న ఎత్తితే సగమన్న దక్కుతది."

"ఎత్తితే సారుకు ఏం జూపిస్తవ్? మల్ల ఖాళీ జాగనే చూపిస్తవా? దువ్వు!"

ఆ మాట వాడకట్టంతా విన్నది. ముందు పక్కింటి కట్టమ్మ తన ఇంట్లోకి ఉరికి జంపఖానా తెచ్చింది. నాలుగు మూలలు నలుగురు పట్టుకుని పడుగు మీద గొడుగులా ఎత్తారు. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. చూస్తుండగానే పదిహేను జంపఖానాలు, ముప్పై గజాల పొడవునా కప్పు లేచింది. ముసలివాళ్లు, కొత్త కోడళ్లు, బడికి పోవాల్సిన పిల్లలు, ఎవరికి దొరికిన మూల వాళ్లు పట్టుకున్నారు. వాన గట్టిపడింది. జంపఖానాలు నానిన కొద్దీ బరువెక్కాయి, చేతుల్ని కిందికి లాగేస్తున్నాయి, అయినా ఎవరూ వదల్లేదు. కింద నలుగురూ వంగి కుంచెలు ఆడిస్తూనే ఉన్నారు.

ఎనిమిదింటికి జీపు వచ్చింది. హంటర్ రోడ్డు మీద నీళ్లు నిలిచి ఆలస్యమైందట. రాజేశ్వర్ రావు గొడుగు వేసుకుని దిగి, ఆ కప్పు మొదట్లో ఆగిపోయాడు. తర్వాత ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నడుస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

అప్పుడు చూసింది చిలుకమ్మ. తెల్లటి పడుగు మీద ఎర్రటి చుక్క. పక్కనే ఇంకోటి. అవి అమ్మకానికి నేసినవి కావు, మిగులు దారంతో ఇంటికోసం నేసుకున్న, రంగు నిలవని జంపఖానాలు. నీళ్లతో పాటు రంగు కూడా కారుతోంది. ఇంతమంది కాపాడాలని ఎత్తి పట్టుకున్నదే ఆమె పడుగును ముంచుతోంది. తిట్టాలనిపించింది, కానీ ఎవరిని తిడుతుంది? జంపఖానాలు మోస్తున్న ఆ చేతుల్ని చూసి తల దించుకుని దువ్వుతూనే ఉంది.

ఇంజనీరుకు కూడా ఆ మరకలు కనబడ్డాయి. "పాడైపోతోంది కదమ్మా, ఎత్తెయ్యండి."

"లెక్క రాసినవా సారూ?"

"రాశాను."

"జర సదివి ఇనిపియ్యి."

ఆయన గొడుగు కింద కాగితం పట్టుకుని చదివాడు. "పని చేస్తున్నవాళ్లు, అరవై నాలుగు మంది."

"ఇగ ఎత్తుండ్రి," అన్నది చిలుకమ్మ. అందరూ జంపఖానాలు దించేదాకా నిలబడి, ఆ తర్వాత గుంజను ఆనుకుని బురదలోనే కూలబడి ఏడ్చింది. మగడు పోయిననాడు కూడా ఆమె అట్లా ఏడవడం ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నానికి కమల ఖబర్ తెచ్చింది. కాశిబుగ్గ జాగ రెండో నంబరు. గల్లీలో పోరగాళ్లు ఈలలు వేశారు. ఎవరో బెల్లం పంచారు. చిలుకమ్మ బెల్లం ముక్క నోట్లో వేసుకుని, మచ్చలు పడ్డ దారాన్ని తొట్టిలో నానబెట్టి పిండుతూ కూర్చుంది. మచ్చలు పోలేదు, అతుక్కున్న పోగులు విడలేదు.

రెండు రోజులకు ఎండ కాసింది. జాగ నిండా పడుగులు లేచాయి, చిలుకమ్మది తప్ప. ఆమె ఇంటి నుంచి రాదేమో అనుకున్నారు. వచ్చింది. వెంకట్రాజం తన పడుగుకు గంజి పట్టించి, కుంచె ముట్టకుండా పక్కకు జరిగాడు.

"నువ్వు మొదలుబెట్టు వదినె. అయిపోయినంక ఇది నీ మగ్గానికే ఎక్కిద్దాం."

చిలుకమ్మ ఆ పడుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. కళ్లు తుడుచుకుంది.

"గుంజ వంకరగ నాటినవ్," అన్నది. "ముందుగాల అది సక్కగ జెయ్యి."