పెడన చెయ్యి

మా ఆయన పోయాక చేపల బుట్ట నేనే ఎత్తాను. ఆ రోజు గుడివాడలో సరుకు అమ్మేసి, ఖాళీ బుట్టతో అవనిగడ్డ బస్సెక్కాను. మొవ్వలో కండక్టరు టీకి దిగాడు. నా పక్కన కూర్చున్నతను కూడా దిగి, రోడ్డు వార కాలు విరిగి పడున్న కుక్కపిల్లని ఎత్తుకొచ్చాడు.

"పిన్నీ, నీ బుట్టలో పెట్టనా? అవనిగడ్డ పశువుల ఆసుపత్రి మూసేలోపు చేరితే బతుకుద్ది."

"కండక్టరు చూశాడంటే ముగ్గుర్నీ దింపేస్తాడయ్యా," అంటూనే బుట్ట మీది గోనెపట్టా తీశాను. ఆ వాసనకి చేపల బుట్ట జోలికి ఎవరూ రారు.

బస్సు కుదిపినప్పుడల్లా బుట్టలో కుక్కపిల్ల మూలిగింది. అతను పట్టా కింద చెయ్యి దూర్చాడు. మూలుగు ఆగింది గానీ కండక్టరు రానే వచ్చాడు.

"ఏంటమ్మా, నీ చేపలు ఏడుస్తున్నాయా?"

"నా కడుపేనయ్యా. పొద్దుట్నించీ తిండి లేదు."

అతని మణికట్టు మీద ఎరుపు కండక్టరు కంటపడింది. "నీకేమైందయ్యా?"

"మాది పెడనండి. అద్దకం పనండి. రంగు వదలదండి," అని రెండో చెయ్యి చూపించాడు. అదీ ఎర్రగానే ఉంది. కండక్టరు వెళ్లిపోయాడు. నేనూ రంగే అనుకున్నాను.

పశువుల ఆసుపత్రిలో కుక్కపిల్లని అప్పగించాక, అతను కుళాయి దగ్గర చేతులు కడిగాడు. ఒక చేతి ఎరుపు అలాగే ఉంది. పట్టా కింద దూర్చిన చేతిది కారిపోయి, అరచేతిలో పళ్ల గాట్లు బయటపడ్డాయి.

"దాని నోట్లో చెయ్యి పెట్టావా! అరవొచ్చుగా బాబూ!"

"అరిస్తే దింపేస్తాడుగా పిన్నీ."

"ముందెళ్లి సూది వేయించుకో," అని కసిరాను. పేరు అడగలేదు.

కుక్క నా దగ్గరే ఉంది, కుంటుతుంది. ఎవరు చెయ్యి చాపినా అరచెయ్యి వాసన చూడందే వదలదు.