ఎడమ పక్క స్టూలు

దర్జీ ఆ ఉదయం భార్యను రెండుసార్లు కేకేశాడు. ఆమె అతనికి ఎడమ పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని గుండీలు కుడుతోంది.

"ఇక్కడే ఏడుస్తున్నానుగా, ఎక్కడికి పోతాను?" అందామె.

నాలుగు నెలల కిందట అతను మెట్ల మీద జారిపడ్డాడు. తల వెనక దెబ్బ తగిలింది. కళ్ళకేమీ కాలేదనీ, మెదడులో చూపును అందుకునే చోటు దెబ్బతిందనీ డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఏ కంటితో చూసినా ఎడమవైపు సగం కనిపించదు. తల తిప్పితేనే కనిపిస్తుంది. అలా తిప్పుకుంటూ చొక్కాలు కుట్టడం మళ్ళీ నేర్చుకున్నాడు. ఆమె విషయంలోనే అలవాటు కాలేదు. అంతకుముందు ఇరవై ఆరేళ్ళూ మిషను తొక్కుతూనే, అటు తిరగకుండానే, ఆమె పళ్ళతో దారం కొరకడం చూసేవాడు.

"పోనీ, కుడి పక్కకి జరగనా?"

"అక్కడ ఇస్త్రీ బల్ల ఉందిగా."

"బల్లకేమన్నా వేళ్ళు పుట్టాయా? జరుపుదాం."

"వద్దు."

"ఎందుకండీ ఈ మంకుపట్టు?"

అతను సూది కింద గుడ్డ సర్దుకున్నాడు.

"చూపు తిరిగొస్తే ఆ పక్కనేగా వచ్చేది. అప్పుడు నువ్వక్కడ లేకపోతే?"

ఇక వచ్చే ఆశ తక్కువని డాక్టరు చెప్పినప్పుడు ఆమె పక్కనే ఉంది. ఆ మాట ఎత్తలేదు.

"పెళ్ళయ్యాక నా మొహం ఇన్నిసార్లు ఎప్పుడు చూశారు గనక!" అని స్టూలు మరికాస్త దగ్గరికి లాక్కుంది, ఎడమ పక్కనే.

మధ్యాహ్నానికి ఒక చొక్కా పూర్తయింది. ఈలోగా అతను నలభై మూడుసార్లు అటు తిరిగాడు.