బియ్యం, బియ్యం, మినుము

నా చిన్నప్పుడు అంతరిక్ష టెలిస్కోపు అనే మాట మామిడికుదురు దగ్గర మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు. అది పనిచేసే తీరును మాత్రం నేను మా వంటింటి గడప దగ్గర, తడి తువ్వాలు మీద చూశాను.

నేను ఊహ తెలియని పిల్లగా ఉన్నప్పుడే మా అమ్మ గల్ఫులో ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. నన్ను అమ్మమ్మ పెంచింది. సెలవు మీద ఊరివాళ్ళెవరైనా వస్తుంటే అమ్మ తన మాటలు క్యాసెట్టులో నింపి పంపేది, మేమూ అలాగే తిరిగి పంపేవాళ్ళం. ఒకసారి నేను, పెట్టెలో మాట్లాడేది మా అమ్మ కాదని ఏడ్చాను. నిజంగానే నాకు అమ్మ ముఖం గుర్తే లేదు. ఆ ఏడుపంతా క్యాసెట్టులోకి ఎక్కి అమ్మ దాకా వెళ్ళింది.

తర్వాతి క్యాసెట్టును పక్కింటి మావయ్యగారు తెచ్చారు. టేపురికార్డరూ ఆయనదే. అందులో కబుర్లేమీ లేవు. తువ్వాలు తడిపి పరచమని, బియ్యం, మినపప్పు దగ్గర పెట్టుకుని, తను చెప్పిన గింజను చెప్పినట్టే వరసగా పేర్చమని అమ్మ చెప్పింది. ఆపైన "బియ్యం, బియ్యం, మినుము, మినుము, బియ్యం" అంటూ మొదలుపెట్టింది. వరస ముగిసినప్పుడల్లా అందులో మినుములెన్నో కూడా చెప్పేది.

అమ్మమ్మ ఇడ్లీలకని ఉంచిన మినపగుళ్ళు తెచ్చి కూర్చుంది. సగం తువ్వాలు నిండినా ఏమీ అగుపడలేదు. తెల్లటి బియ్యంలో తెల్లటి గుళ్ళు ఎలా అగుపడతాయి? మావయ్యగారు పగలబడి నవ్వేశారు.

"పొట్టుతో ఉన్న నల్లవండి పిన్నిగారూ!"

"ఆయ్, ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా అది!" అని కూతుర్ని తిట్టుకుంటూ అమ్మమ్మ డబ్బాలు వెతికింది.

మళ్ళీ మొదటికి తిప్పారు. ఈసారి గింజల్లోంచి వేళ్ళు లేచాయి. అమ్మ అక్కడ బియ్యం వరసలుగా పరిచి, వాటి మీద తన చెయ్యి ఆనించి, చెయ్యి ఆనిన చోటల్లా మినుములు పెట్టి, ఆ అచ్చునే మాకు చదివి వినిపిస్తోంది. అయితే చిటికెన వేలు ఒక పక్కకు వంగిపోయింది. ఎక్కడో గింజ తప్పిందేమోనని మావయ్యగారు ఆ వరసలు మళ్ళీ వినిపించి లెక్క చూశారు. లెక్క సరిగ్గానే ఉంది.

"తప్పు కాదు బాబూ, దాని వేలే అంత" అంది అమ్మమ్మ. నా చెయ్యి పట్టుకుని ఆ గింజల పక్కన పెట్టింది. పుట్టుకతో నా చిటికెన వేలూ అదే వంకర. నేను ఆ గింజల మీద చెంప ఆనించి "అమ్మా" అన్నాను. పేర్చిందంతా చెదిరిపోయినా నన్ను ఎవరూ కోప్పడలేదు. కొన్నేళ్ళకు అమ్మ తిరిగి వచ్చినప్పుడు కూడా నేను ముందు చూసింది ఆ చేతినే.

మొన్న మా మనవరాలు ఫోనులో నక్షత్రాలు పుట్టే మబ్బు బొమ్మ చూపించి, దాన్ని తీసిన టెలిస్కోపు గురించి చెప్పింది. గాలి అడ్డం లేనంత దూరాన ఉండి అది పెద్ద అద్దంతో వెలుగును పోగుచేస్తుందట. లోపల లెక్కలేనన్ని చిన్న గళ్ళు. ఏ గడిలో ఎంత వెలుగు పడిందో అంకె వేసి దాచుకుని, వీలు కుదిరినప్పుడు ఆ అంకెలను రేడియోలో వరసగా పంపుతుందట. దారిలో ఏదైనా తప్పిపోతే తెలిసేలా సరిచూసుకునే లెక్కనూ జతచేస్తుందట. కింద పెద్ద పెద్ద ఏంటెన్నాలు అందుకుంటే, కంప్యూటర్లు మళ్ళీ బొమ్మగా పేరుస్తాయి. ఆ వెలుగు కూడా మబ్బు దగ్గర ఎప్పుడో బయల్దేరిందేనట. మేము గింజలు పేర్చేనాటికి అమ్మ చెయ్యి అక్కడ ఏ అంట్లు తోముతోందో!

అంతా విన్నాక మా అల్లుడు, ఇంతా చేసి అవి ఉత్త అంకెలేగా, బొమ్మ నిజమని నమ్మేదెలా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఉత్త గింజల్లోంచే నేను మా అమ్మను గుర్తుపట్టాను.